తెగినా చేప బతకాలి.. గాలం ఆ తీరున కట్టాలి

* ముల్లు పదును, ముడి బిగువు, సీసం బరువు.. మెలకువంతా ఈ మూడింటిలోనే
* కట్టులో బలహీనమైన చోటు ముల్లు పక్కనే ఉండాలి
* విద్యుత్తు తీగల కింద కార్బన్ కర్ర ప్రాణాంతకం

గోదావరిఖని: రాత్రి షిఫ్టు దిగిన గని కార్మికుడు ఇంట్లో చాయ్ తాగి, గాలం కర్ర భుజాన వేసుకుని గోదావరి ఒడ్డుకు బయలుదేరడం పారిశ్రామిక ప్రాంతంలో కొత్త దృశ్యమేమీ కాదు. వారాంతపు సెలవు వచ్చిందంటే ఎల్లంపల్లి వెనుక జలాల వెంబడి, ఊరి చెరువుల కట్టల మీద గాలం వేసుకుని కూర్చున్నవారు వరుసగా కనిపిస్తారు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, కాంట్రాక్టు కార్మికులు, కళాశాల విద్యార్థులు.. అందరిదీ ఒకే ధ్యాస.

అయితే ఒకే ఒడ్డున, ఒకే ఎరతో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరి సంచి నిండుతుంది. మరొకరు ఉత్త చేతులతో ఇంటిముఖం పడతారు. దీనిని అదృష్టంగా భావించేవారే ఎక్కువ. వాస్తవానికి తేడా అంతా దారం చివరి రెండు మూరల్లోనే ఉంటుంది.

కట్టు సరిగా లేకపోతే చేప ఎరను ముట్టినా ముల్లు పడదు. పడినా దారం తెగుతుంది. తెగినప్పుడు సీసం, బెండు, ఆరు ముళ్ళ గుత్తి మొత్తం నోటికి వేలాడుతుండగానే చేప లోతుకు వెళ్ళిపోతుంది. అది వేటగాడికి దక్కదు, వలవేసే మత్స్యకారుడికీ దక్కదు. మునిగిన తుమ్మకంపకో, రాళ్ళ సందుకో దారం చిక్కుకుని, మేత లేక అక్కడే చనిపోతుంది.

అందుకే గాలం కట్టడంలో రెండు నియమాలను పాటించాలి. ఒకటి, చేప పడాలి. రెండు, ఒకవేళ దారం తెగితే ఆ చేప బతకాలి. ముల్లు, దారం, సీసం, బెండు.. వీటి కూర్పునే వేటగాళ్ళు ‘రిగ్’ అంటున్నారు. ఇక్కడ దానిని ‘కట్టు’ అని వ్యవహరిద్దాం. ఈ రెండు నియమాలకూ సరిపోయే కట్టు ఎలా ఉండాలో, దానిని ఎలా సరిచూసుకోవాలో తెలుసుకుందాం.

నీరు మారితే కట్టు మారాలి

గోదావరిపై నిర్మించిన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీటినిల్వ సామర్థ్యం 20.175 టీఎంసీలు. దాని వెనుక జలాల్లో నీరు నిలకడగా, లోతుగా ఉంటుంది. దిగువన పరిస్థితి వేరు. 2019లో కాళేశ్వరం పథకం ప్రారంభమయ్యాక సుందిళ్ళ బ్యారేజీలో నీరు నిలిపిన కాలంలో గోదావరిఖని వద్ద నది నిండుకుండలా కనిపించింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. ఆ తర్వాత సుందిళ్ళలోనూ నీటిని ఖాళీ చేయడంతో నది మళ్ళీ పాయలుగా, మడుగులుగా మారింది.

నిలిచిన నీటిలో అలవాటైన కట్టును పారే పాయలో వేస్తే పనికిరాదు. ప్రవాహం బెండును లాక్కుపోతుంది, తేలికపాటి సీసం నిలవదు. చెరువులో 5 గ్రాముల బరువు చాలిన చోట, పారే నీటిలో 40 గ్రాములు కూడా చాలకపోవచ్చు. కనుక ఒడ్డుకు చేరగానే చేయాల్సిన మొదటి పని ఎర గుచ్చడం కాదు. ఓ గడ్డిపరకను నీటిలో వేసి అది ఎటు, ఎంత వేగంగా పోతున్నదో గమనించడం.

చేప నోరు తెలిస్తే సగం పని అయినట్టే

మన చెరువుల్లో, జలాశయాల్లో పెరిగే ప్రధానమైన చేపలు బొచ్చె, రవ్వ, మెరిగె, బంగారు తీగ. శాస్త్రవేత్తలు కట్ల, రోహు, మృగాల, కామన్ కార్ప్ అని పిలిచేవి ఇవే. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటి దవడలకు పళ్ళుండవు. గొంతు భాగంలో ఉండే పళ్ళతో మేతను నలుపుతాయి. అంటే ఇవి కొరమీనులా ఎరపై దూకి కరిచేవి కావు. నీటితోపాటు మేతను లోపలికి పీల్చుకుంటాయి, నచ్చకపోతే వెంటనే బయటకు ఊదేస్తాయి. ఈ పీల్చడానికీ ఊదడానికీ మధ్య ఉన్న క్షణంలోనే ముల్లు పెదవికి పట్టాలి. కార్పు చేపల కట్టు రహస్యమంతా ఇదే.

బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను వడకట్టి తింటుంది. కనుక ఎక్కువగా పై పొరల్లో తిరుగుతుంది. దీనికోసం ఎరను నేలకు దింపితే ప్రయోజనం తక్కువ. రవ్వ నడిమి పొరల్లో మేస్తుంది. దాని కింది పెదవి మందంగా, అంచు కుచ్చులా ఉంటుంది. మెరిగె నేలను నాకుతూ కుళ్ళిన ఆకులు, నాచు తింటుంది. బంగారు తీగ విదేశీ సంతతి. మూతికి రెండు జతల మీసాలుంటాయి. మూతిని గొట్టంలా చాపి బురదను తవ్వుతుంది. ఈ రెండింటికీ ఎర నేలపైనే ఉండాలి.

ముల్లు ఎంపిక ఇలా..

గాలపు ముల్లుకు నాలుగు భాగాలు. దారం కట్టే కన్ను, నిలువుగా ఉండే కాడ, వంపు, మొన. మొనకు లోపలి వైపు వెనక్కి తిరిగిన చిన్న ముక్కు ఉంటుంది. దీనినే ఎదురుముల్లు అంటారు. గుచ్చుకున్న ముల్లు జారకుండా పట్టి ఉంచేది ఇదే.

ముల్లు సంఖ్య విషయంలో కొత్తవారు తికమకపడుతుంటారు. సంఖ్య పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. 10వ నంబరు కన్నా 6వ నంబరు పెద్దది, 6 కన్నా 2 పెద్దది. కిలో నుంచి మూడు కిలోల రవ్వ, మెరిగెలకు 8 నుంచి 4వ నంబరు వరకు సరిపోతాయి. పెద్ద బొచ్చెకు 2వ నంబరు వాడవచ్చు. పెద్ద ముల్లు కడితే పెద్ద చేప పడుతుందనుకోవడం పొరపాటు. ముల్లు బరువెక్కితే చేప పీల్చినప్పుడు ఎర తేలికగా నోట్లోకి వెళ్ళదు.

పదును పరీక్ష తప్పనిసరి. ముల్లు మొనను బొటనవేలి గోరుపై ఆనించి మెల్లగా లాగాలి. గోరుపై జారితే మొన మొద్దుబారినట్టు. గీటు పడుతూ ఆగితే పదును ఉన్నట్టు. రాయికి తగిలిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి. మొద్దుబారిన ముల్లును సానపట్టడం కన్నా మార్చడమే మేలు.

చిన్న చేపలను తిరిగి వదలాలనుకునేవారు ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసుకోవచ్చు. దారం వదులు కాకుండా చూసుకుంటే చేప జారిపోదు. ముల్లు తీయడం తేలిక, చేప నోరు చీలదు. మన వేలికి గుచ్చుకున్నా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పని తప్పుతుంది.

ముడి మీదే భారం

నైలాన్ దారం ఎంత గట్టిదైనా ముడి పడిన చోట దాని బలం తగ్గుతుంది. మామూలు పీటముడి వేస్తే దారం తనను తానే కోసుకుంటుంది. చేప గుంజగానే ముల్లు దగ్గర తెగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

కన్ను ఉన్న ముల్లుకు తేలికైన, నమ్మకమైన ముడి ఒకటుంది. దారాన్ని కంటిలోంచి దూర్చి, మిగిలిన కొనను అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పాలి. తర్వాత ఆ కొనను కంటి పక్కనే ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి తీసి, దానివల్ల ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మరోసారి దూర్చాలి. ఇక బిగించే ముందు ముడిని నీటితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుట్టి నైలాన్ దెబ్బతింటుంది. తడిపి, మెల్లగా, ఒకే తీరున లాగితే చుట్లన్నీ పక్కపక్కనే పేర్చినట్టు కూర్చుంటాయి. చుట్టుపై చుట్టు ఎక్కితే ఆ ముడిని కోసేసి మళ్ళీ వేయాలి. కొనను రెండు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించాలి.

ముడి వేశాక ముల్లును ఓ మేకుకు తగిలించి, చేతికి గుడ్డ చుట్టుకుని గట్టిగా లాగి చూడాలి. తెగేదేదో ఇంటి దగ్గరే తెగాలి. చేప పడ్డాక తెగితే ఏం లాభం?

బెండు కట్టు.. సమతూకమే కీలకం

ఒకప్పుడు జొన్న సొప్పలోని బెండును, జీలుగు బెండును కోసి దారానికి గుచ్చేవారు. ఇప్పుడు అంగళ్ళలో రంగురంగుల ప్లాస్టిక్ బెండ్లు దొరుకుతున్నాయి. ఏది వాడినా సూత్రం ఒక్కటే. బెండును తేల్చే శక్తికి, దాని కింద వేసిన సీసం బరువుకు సమతూకం కుదరాలి.

బెండు సగం పైకి తేలి ఉంటే, చేప దానిని ముంచడానికి బలం వాడాల్సి వస్తుంది. ఆ బరువు తెలియగానే ఎరను ఊదేస్తుంది. బెండు కొన మాత్రమే, అంటే వేలి గోరు పొడవున పైకి కనిపించేలా సీసం వేస్తే చిన్న ముట్టుడు కూడా తెలుస్తుంది. దీనికి ఒడ్డుకు వెళ్ళనక్కరలేదు. ఇంట్లో బకెట్ నిండా నీళ్ళు తీసుకుని, బెండు, సీసపు గుళ్ళు, ముల్లు అన్నీ కట్టి అందులో వేయాలి. ఒక్కో గుండు కలుపుతూ, తీస్తూ బెండు కొన వరకు మునిగేలా చూసుకోవాలి. ఎర బరువు కూడా ఉంటుంది కనుక చివరగా ఎర గుచ్చి మరోసారి చూడాలి.

నేలను మేసే మెరిగె, బంగారు తీగల కోసం ఒక చిన్న మార్పు అవసరం. సీసంలో చిన్న భాగాన్ని ముల్లుకు బెత్తెడు దూరంలో వేసి, అది సరిగ్గా నేలను తాకేలా లోతు సరిచేసుకోవాలి. చేప ఎరను పీల్చి తల పైకెత్తగానే ఆ గుండు నేల నుంచి లేస్తుంది. బరువు తగ్గిన బెండు మునగడానికి బదులు పైకి లేచి, పక్కకు వాలుతుంది. బెండు మునిగితేనే లాగాలనుకునేవారు ఇలాంటి అవకాశాలను ఎన్నింటినో జారవిడుస్తుంటారు.

లోతు కొలవడానికి ముల్లుకు కాస్త పెద్ద సీసం ముక్కను తాత్కాలికంగా తగిలించి వేయాలి. బెండు పూర్తిగా మునిగిపోతే నీరు ఇంకా లోతుగా ఉన్నట్టు. బెండు వాలిపోయి తేలితే దారం ఎక్కువైనట్టు. రెండు మూడు సార్లు సరిచేస్తే నేల మట్టం తెలుస్తుంది. బొచ్చె కోసమైతే అక్కడి నుంచి బెండును కిందికి జరిపి, ఎరను నేలకు మీటరు, అంతకన్నా ఎక్కువ ఎత్తున వేలాడదీయాలి. తవుడు, పల్లి చెక్క పొడి కలిపిన ఎర ముద్ద కరుగుతూ నీటిలో మబ్బులా పరుచుకుంటే బొచ్చె ఆ మబ్బును వెతుక్కుంటూ వస్తుంది.

నేల కట్టు.. సీసం జారాలి

ఒడ్డుకు దూరంగా వేయడానికి రీలు కర్రతో నేల కట్టు వాడతారు. దీనిలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. సీసాన్ని అసలు దారానికే ముడివేసి కట్టేయడం అందులో మొదటిది.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. రంధ్రమున్న సీసాన్ని అసలు దారంలోకి పూసలా ఎక్కించాలి. దాని తర్వాత ఓ చిన్న పూసను ఎక్కించి, అప్పుడు స్వివెల్‌ను కట్టాలి. స్వివెల్ రెండో కంటికి 20 నుంచి 30 సెంటీమీటర్ల పొట్టి దారం కట్టి, దాని చివర ముల్లును కట్టాలి. పూస వల్ల సీసం ముడికి తగిలి దానిని నలపదు. చేప ఎరను లాగినప్పుడు దారం సీసంలోంచి జారుతుంది గనుక దానికి బరువు వెంటనే తెలియదు.

ఇక్కడే అసలు మెలకువ. అసలు దారం 0.35 మిల్లీమీటర్లదైతే ముల్లు దారం 0.28 మిల్లీమీటర్లది ఉండాలి. అంటే కట్టు మొత్తంలో బలహీనమైన చోటు ముల్లు పక్కనే ఉండాలి. పెద్ద చేప గుంజినా, ముల్లు రాళ్ళకు పట్టినా ఆ పొట్టి దారమే తెగుతుంది. చేప నోట్లో ఒక ముల్లు, జానెడు దారం తప్ప మరేమీ మిగలవు. సీసం, స్వివెల్ వేటగాడి దగ్గరే ఉంటాయి. ఖర్చూ కలిసి వస్తుంది, చేపా బతుకుతుంది.

ఒకవేళ అసలు దారమే పైన ఎక్కడో తెగితే? అప్పుడు కూడా సీసం తెగిన కొన మీదుగా జారి పడిపోవాలి. అలా జరగాలంటే సీసానికి పైన, కర్ర వైపు దారానికి ఎలాంటి ముడీ ఉండకూడదు. తెగిన దారాన్ని మధ్యలో అతుకువేసి వాడేవారు ఈ విషయం గమనించాలి. సీసం ఆ అతుకు దగ్గర ఆగిపోతే చేప ఆ బరువును ఈడ్చుకుంటూ తిరగాల్సిందే. అతుకు వేసే బదులు పాత దారాన్ని తీసేయడమే ఉత్తమం. ఎండకు నైలాన్ బలం తగ్గుతుంది కనుక ఎండలో నానిన దారాన్ని ఏడాదికోసారైనా మార్చాలి.

రాళ్ళు, మునిగిన చెట్లు ఎక్కువగా ఉన్నచోట మరో ఉపాయం ఉంది. సీసాన్ని నేరుగా కాకుండా, సన్నని నాసిరకం దారం ముక్కతో ఓ చిన్న కడియానికి కట్టి, ఆ కడియాన్ని అసలు దారంలోకి ఎక్కించాలి. సీసం రాళ్ళ సందులో ఇరుక్కుంటే ఆ సన్న దారమే తెగి, చేప మాత్రం ఒడ్డుకు వస్తుంది.

స్ప్రింగు గుత్తితో జాగ్రత్త

ఇనుప స్ప్రింగు చుట్టూ నాలుగు నుంచి ఆరు ముళ్ళు వేలాడదీసిన గుత్తులు అంగళ్ళలో విరివిగా దొరుకుతున్నాయి. స్ప్రింగుకు పిండి ముద్దను అద్ది వేస్తే, మేత కోసం వచ్చిన చేప ముళ్ళను కూడా పీల్చుకుంటుంది. చేపలు పడతాయన్నది నిజమే. కానీ మిగిలిన ముళ్ళు చేప కంటికో, మొప్పకో, పొట్టకో గుచ్చుకుంటాయి. దారం తెగితే ఆ గుత్తి మొత్తం చేపతోపాటే పోతుంది. ఒడ్డుకు వచ్చిన చేప ఎగిరినప్పుడు ఖాళీ ముళ్ళు పట్టుకున్నవారి చేతిలో దిగుతాయి.

స్ప్రింగు మానలేనివారు ముళ్ళను రెండుకు తగ్గించాలి. ముల్లు దారాలను అసలు దారం కన్నా సన్నగా, నాలుగు అంగుళాలకు మించకుండా కట్టాలి. స్ప్రింగును కూడా సీసం లాగే జారేలా ఎక్కిస్తే, దారం తెగినా చేప స్ప్రింగును మోయాల్సిన అవసరం ఉండదు.

వెంట్రుకతో మొదలైన కట్టు

ప్రపంచవ్యాప్తంగా కార్పు వేటను మార్చేసిన కట్టు ఒకటుంది. దాని పేరు ‘హెయిర్ రిగ్’, అంటే వెంట్రుక కట్టు. 1970వ దశకం చివర్లో ఇంగ్లండుకు చెందిన లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ దీనిని రూపొందించారు. ముల్లుకు ఎరను గుచ్చకుండా, ముల్లు వంపు నుంచి వేలాడే వెంట్రుకకు ఎరను కట్టారు. మొదట నిజంగానే మనిషి తల వెంట్రుకను వాడారు. అందుకే ఆ పేరు నిలిచింది.

ఇందులోని సూత్రం సులువు. ఎరలో దూరి ఉన్న ముల్లు మొన మూసుకుపోతుంది. చేప ఊదినప్పుడు ఎరతోపాటు ముల్లూ బయటకు వచ్చేస్తుంది. ఎర విడిగా వేలాడితే మొన పూర్తిగా తెరిచే ఉంటుంది. చేప ఎరను ఊదినప్పుడు వెనుకనే వచ్చే ముల్లు కింది పెదవికి తగులుకుంటుంది. ముల్లు ఎక్కువగా పెదవికే పడుతుంది గనుక గొంతులోకి దిగడం తక్కువ. తిరిగి వదలాలనుకున్న చేపకు ఇది మేలు చేస్తుంది.

దీన్ని కట్టడానికి వేరే సామగ్రి అవసరం లేదు. 40 సెంటీమీటర్ల దారం తీసుకుని ఒక కొనకు చిన్న ఉచ్చు వేయాలి. రెండో కొనను ముల్లు కంటిలోకి వెనుక వైపు నుంచి, అంటే మొన లేని వైపు నుంచి దూర్చాలి. ఉచ్చు ఉన్న భాగాన్ని కాడ వెంట ఆనించి, ఎర వంపునకు కొద్దిగా కింద వేలాడేలా పొడవు చూసుకోవాలి. ఇప్పుడు పొడవాటి కొనతో కాడనూ, దానికి ఆనించిన దారాన్నీ కలిపి ఏడెనిమిది చుట్లు వంపు వైపుగా చుట్టాలి. చివరకు ఆ కొనను మళ్ళీ కంటిలోకి వెనుక వైపు నుంచే దూర్చి, తడిపి బిగించాలి. అంతే. ఎక్కడా ముడి లేని కట్టు సిద్ధమవుతుంది. కంటి వెనుక నుంచి దూర్చకపోతే దారం లాగినప్పుడు ముల్లు తిరగదు కనుక ఆ ఒక్క విషయంలో ఏమరపాటు పనికిరాదు.

ఎరగా మన దగ్గర దొరికే మక్కగింజలు, శనగలు చాలు. వాటిని రాత్రంతా నానబెట్టి, గోరుతో నొక్కితే దిగేంత మెత్తగా ఉడికించాలి. ఉడకని పొడి గింజలను చల్లితే అవి చేప కడుపులో ఉబ్బి హాని చేస్తాయి. రెండు గింజలను సూదితో గుచ్చి ఉచ్చులోకి ఎక్కించి, జారిపోకుండా ఉచ్చులో చిన్న పుల్లముక్కను అడ్డంగా పెట్టాలి.

ఈ కట్టుకు 50, 60 గ్రాముల సీసం వాడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. పెదవికి తగిలిన ముల్లు ఆ బరువు వల్ల లోతుగా దిగుతుంది.

ఒకసారి ఒక్కటే మార్చాలి

చేప ముట్టి వదిలేస్తుంటే చాలామంది ఎర, ముల్లు, చోటు అన్నీ ఒకేసారి మారుస్తారు. అలా చేస్తే లోపం ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. ఒక్కో మార్పు చేసి, ఓ అరగంట చూడాలి.

ఎర పోతూ ఉన్నా ముల్లు పడకపోతే, ముందు మొన పదును చూడాలి. పదును సరిగానే ఉంటే ముల్లు దారం పొడవు మార్చాలి. మెత్తని బురద నేలపై దారం పొడుగ్గా ఉంటే ఎర బురదలో కూరుకుపోకుండా పైన నిలుస్తుంది. గట్టి ఇసుక నేలపై పొట్టి దారమే మేలు. నీరు తేటగా ఉన్న చలికాలంలో సన్న దారం, చిన్న ముల్లు, చిన్న ఎర వాడాలి. వానలకు నీరు ఎర్రబారినప్పుడు చేప చూపు కన్నా వాసన మీదే ఆధారపడుతుంది. అప్పుడు పల్లి చెక్క, వానపాము వంటి వాసన గల ఎర పెద్దగా ఉన్నా ఇబ్బంది లేదు.

చేప గొంతులోకి ముల్లు దిగితే, వదలాలనుకున్న చేప నుంచి దానిని బలవంతంగా పీకకూడదు. దారాన్ని నోటి దగ్గరగా కత్తిరించి వదిలేస్తేనే బతికే అవకాశం ఎక్కువ. చేతులు తడుపుకొని పట్టుకుంటే చేప ఒంటిపై జిగురు పోదు.

ఆ పిల్ల ఎవరి కష్టం?

మన పెద్దజాతి చేపలైన బొచ్చె, రవ్వ, మెరిగెలు వానాకాలంలో పారే నదినీటిలో గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువుల్లో వాటంతట అవి పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ కె.హెచ్.అలికున్హి ఇంజెక్షన్ ద్వారా వీటిచేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. ఆ రోజునే దేశంలో ఏటా చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. నేడు చెరువుల్లో కనిపించే చేపల్లో అత్యధికం ఆ పద్ధతిలో పుట్టి, విత్తనంగా వదిలినవే. చెరువుల్లో ప్రభుత్వ ఖర్చుతో చేపపిల్లలను వదిలే పథకం రాష్ట్రంలో 2016లో మొదలైంది. వాటిని కాపాడి, పట్టి అమ్ముకుని బతికేవి గంగపుత్ర, ముదిరాజు కుటుంబాల సహకార సంఘాలు.

కనుక చెరువులో గాలం వేసే ముందు ఆ ఊరి మత్స్య సహకార సంఘాన్ని అడగడం కనీస మర్యాద. బెత్తెడు పిల్ల పడితే వదిలేయాలి. మన గాలం తెగి, గుత్తితోపాటు పోయి చచ్చిన ప్రతి చేపా మరొకరి అన్నం ముద్ద అని గుర్తుంచుకోవాలి.

ఒడ్డున వదిలిన దారం ముక్కలదీ ఇదే సంగతి. కొంగల కాళ్ళకు చుట్టుకుంటాయి, మేతకు వచ్చిన పశువుల నోట పడతాయి. నైలాన్ ఏళ్ళ తరబడి కుళ్ళదు. తెగిన ముక్కలను సంచిలో ఇంటికి తెచ్చి, చిన్నగా కత్తిరించి చెత్తబుట్టలో వేయాలి. నీటిలో పడిన చిన్న సీసపు గుళ్ళను మింగి హంసలు చనిపోతున్నాయని గుర్తించిన బ్రిటన్ 1987 నుంచి వాటి వాడకాన్ని చాలావరకు నిషేధించింది. సీసం మనిషికీ విషమే. గుళ్ళను పళ్ళతో కొరికి దారానికి నొక్కే అలవాటు మన దగ్గర ఎక్కువ. పట్టకారు వాడాలి. పని అయ్యాక చేతులు కడుక్కునే అన్నం ముట్టాలి. సీసానికి బదులు పాత సైకిలు నట్టు కట్టినా బరువు బరువే.

ప్రాణం ముందు, చేప తర్వాత

రామగుండం విద్యుత్తు కేంద్రాల ఊరు. ఎటు చూసినా హైటెన్షన్ తీగలే. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న కార్బన్ కర్రలకు విద్యుత్తును ప్రవహింపజేసే గుణం ఉంది. నాలుగైదు మీటర్ల కర్రను ఎత్తి విసిరినప్పుడు అది తీగను తాకనక్కరలేదు, దగ్గరగా వెళ్ళినా విద్యుత్తు దూకుతుంది. తడిసిన వెదురు కర్ర కూడా సురక్షితం కాదు. తీగలకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలని బ్రిటన్‌లో వేటగాళ్ళకు సూచిస్తారు. మన దగ్గరా అదే పాటించడం క్షేమం. తీగల కిందుగా నడిచేటప్పుడు కర్రను మడిచి, అడ్డంగా పట్టుకోవాలి.

ఎగువన వానలు పడితే ఎల్లంపల్లి గేట్లు ఎత్తుతారు. దిగువన పాయల నడుమ ఇసుక దిబ్బలపై కూర్చున్నవారికి తేరుకునే సమయం దొరకదు. వరద కాలంలో నది మధ్యకు వెళ్ళరాదు. సైరన్ వినిపిస్తే సామాను వదిలేసి ఒడ్డెక్కాలి.

నీరు నిండిన ఉపరితల గనుల జోలికి అసలే పోరాదు. అక్కడికి అనుమతి లేకుండా ప్రవేశించడం నిషేధం. కుప్పపోసిన మట్టి గట్లు కాలు పెడితే జారతాయి. ఒడ్డు దగ్గరే నిలువులోతు ఉంటుంది. అలాగే ఎన్టీపీసీ జలాశయం ప్రాంతంలోనూ అనుమతి లేనిదే అడుగుపెట్టకూడదు. 2022లో అక్కడ 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్తు కేంద్రం కూడా ప్రారంభమైంది.

బయలుదేరే ముందు ఒక్కసారి..

గోరుపై ముల్లు గీటు పడుతున్నదా? ముడిని తడిపి బిగించారా? మేకుకు తగిలించి లాగి చూశారా? ముల్లు దారం అసలు దారం కన్నా సన్నగా ఉందా? సీసం స్వేచ్ఛగా జారుతున్నదా, దానికి పైన ముడి లేదు కదా? బకెట్ నీటిలో బెండు కొన వరకు మునిగిందా? సంచిలో పట్టకారు, కత్తెర ఉన్నాయా?

ఈ ప్రశ్నలన్నింటికీ సరైన సమాధానం వస్తే గాలం కట్టు సిద్ధమైనట్టే. ఇందుకు పట్టే సమయం పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఇంటి అరుగు మీద వెచ్చిస్తే, ఒడ్డున చేప దక్కుతుంది. దక్కని చేప కూడా నీటిలో బతికే ఉంటుంది. మరో ఆదివారానికి ఇంకాస్త పెరిగి, మళ్ళీ ఎర దగ్గరికి వస్తుంది.